పరీక్షకు ముందు 44 గంటలు

2025 మార్చి 24, సోమవారం. ఆంధ్రప్రదేశ్ పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో ఆ రోజు గణితం. తర్వాతి పేపరు భౌతిక శాస్త్రం (ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి), 26 బుధవారం ఉదయం 9:30కి. గణితం రాసి 12:45కి బయటికొచ్చిన విద్యార్థి చేతిలో ఉన్నది 44 గంటల 45 నిమిషాలు. రెండు రాత్రుల నిద్ర, తిండి, స్నానం, రాకపోకలు, గణితం బడలిక తీర్చుకునే మధ్యాహ్నం తీసేస్తే చదువుకు నికరంగా మిగిలేది సుమారు 16 గంటలు. భౌతిక శాస్త్రంలో పాఠాలు 8.

16ని 8తో భాగిస్తే పాఠానికి 2 గంటలు. లెక్క బాగానే కుదిరిందని మొదటి పాఠం మొదటి పేజీ తెరుస్తారు. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. మంగళవారం రాత్రి పదయ్యేసరికి ఆరో పాఠం సగంలో ఉంటారు. విద్యుత్తు, అయస్కాంత ఫలితాలు మిగిలే ఉంటాయి. సోమవారం సాయంత్రం చదివిన రసాయన సమీకరణాలు ఏమయ్యాయో తెలియదు. అప్పుడు మొదలవుతుంది అసలు కంగారు.

ఇక్కడ తప్పింది కష్టపడటంలో కాదు. వచ్చిన పాఠానికీ రాని పాఠానికీ ఒకే కొలత వేశారు. మొదటిసారి నేర్చుకోవడానికి వాడే పద్ధతినే మళ్లీ చూసుకోవడానికీ వాడారు. రివిజన్ అనే ఒక్క మాట కింద రెండు మూడు వేర్వేరు పనులున్నాయి. ఏ గంటకు ఏ పని పనికొస్తుందో విడదీసుకుంటే 16 గంటలు తక్కువేం కాదు.

పాత బాకీ, కొత్త అప్పు

మరుపు గురించి మాట్లాడే ప్రతి ఒక్కరూ ఒక గీత చూపిస్తారు. జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లో ప్రచురించిన లెక్కలకు అది బొమ్మ. ఆయన అర్థం లేని అక్షరాల జాబితాలు తయారుచేసుకుని, తానే బట్టీ పట్టి, కొంత విరామం తర్వాత వాటినే మళ్లీ పట్టుకుని చూశాడు. రెండోసారి ఎంత శ్రమ ఆదా అయిందో కొలిచాడు. 20 నిమిషాల విరామానికి 58 శాతం ఆదా, ఒక రోజుకు 34, 31 రోజులకు 21.

దీన్నే ‘చదివినదాంట్లో మూడింట రెండొంతులు తెల్లారేసరికి మర్చిపోతాం’ అని వాట్సాప్‌లో తిప్పుతుంటారు. రెండు సంగతులు జారవిడుస్తారు. ఆయన బట్టీ పట్టినవి అర్థం లేని ముక్కలు. ఓమ్ నియమం అలాంటిది కాదు, అర్థమైన విషయం అంత వేగంగా చెరిగిపోదు. రెండోది ఇంకా ముఖ్యం. ఆయన కొలిచింది ఎంత పోయిందని కాదు, మళ్లీ పట్టుకోవడానికి ఎంత తక్కువ శ్రమ చాలిందని. అర్థం లేని అక్షరాల విషయంలోనే నెల తర్వాత కూడా ఐదో వంతు శ్రమ తగ్గింది.

పరీక్ష ముందు రోజుకు దీనర్థం ఒకటే. బడిలో విని, స్లిప్ టెస్టులోనో ప్రీఫైనల్‌లోనో ఒకసారి రాసిన పాఠం ఇప్పుడు గుర్తు లేనట్టే ఉన్నా, దాన్ని లేపడానికి మొదటిసారి పట్టినంత సేపు పట్టదు. అది పాత బాకీ, అడిగితే వసూలవుతుంది. ఏడాదంతా ముట్టుకోని పాఠం కొత్త అప్పు. దాన్ని మంగళవారం రాత్రి ఎనిమిదింటికి తలకెత్తుకుంటే మూడు గంటలు మింగి, బుధవారం నాటికి సగం కూడా నిలవదు. పైగా వచ్చిన పాఠాలకు కేటాయించిన సమయాన్నీ పట్టుకుపోతుంది.

చూస్తే తెలుస్తుంది, మూస్తే రాదు

2006లో అమెరికాలో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు కాలేజీ విద్యార్థులకు చిన్న వ్యాసాలు చదవడానికిచ్చారు. కొందరు అదే వ్యాసాన్ని రెండోసారి చదివారు. మిగతావాళ్లు వ్యాసాన్ని పక్కనపెట్టి, గుర్తున్నదంతా కాగితం మీద రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి: 81 శాతం, 75 శాతం. రెండు రోజుల తర్వాత తిరగబడింది. మళ్లీ చదివినవాళ్లకు 54, చూడకుండా రాసినవాళ్లకు 68. వారానికి అది 42, 56 అయింది.

సోమవారం మధ్యాహ్నం నుంచి బుధవారం ఉదయం దాకా ఉన్న వ్యవధి దాదాపు రెండు రోజులే. అంటే సోమ, మంగళవారాల్లో పుస్తకం మూసి రాసుకోవడం మేలు. బుధవారం ఉదయం పరీక్ష కేంద్రానికి బయల్దేరే ముందు మాత్రం తెరిచి చదవడమే మేలు. ‘మళ్లీ మళ్లీ చదవొద్దు’ అని గుడ్డిగా చెప్పేవాళ్లూ, ‘చదివిందే చదువు’ అని పోరుపెట్టేవాళ్లూ ఇద్దరూ సగం సగం ఒప్పే. మధ్యలో ఉన్న గంటలే తేల్చాలి.

మరి పిల్లలు మళ్లీ చదవడాన్నే ఎందుకు ఇష్టపడతారు? మూడోసారి చదువుతుంటే కళ్లు వాక్యాల మీద జారిపోతాయి. ఎక్కడా తట్టుకోవు. ఆ జారుడునే ‘వచ్చేసింది’ అనుకుంటారు. గైడులో ప్రశ్న కింద జవాబు అచ్చయి ఉంటుంది. ప్రశ్న చదువుతుండగానే కంటి కొస జవాబు మీద పడుతుంది. ‘ఆఁ, ఇది వచ్చు’ అని పేజీ తిప్పేస్తారు. అది గుర్తుపట్టడం. పరీక్షలో కావలసింది గుర్తుకు తెచ్చుకోవడం. బస్సులో ఎదురైన మనిషి ముఖం చూసి ‘ఎక్కడో చూశానే’ అనుకోగలం, పేరు అడిగితే నోరు పెగలదు. అచ్చం అంతే.

రంగు పెన్నుతో గీతలు గీయడం సంగతి చెప్పనక్కర్లేదు. 2013లో డన్‌లోస్కీ బృందం పది రకాల చదువు పద్ధతుల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు జల్లెడ పడితే, గీతలు గీయడం, తిరిగి చదవడం, సారాంశం రాసుకోవడం తక్కువ ఉపయోగం ఉన్న వాటిలో తేలాయి. తమను తాము పరీక్షించుకోవడం, విడతలు విడతలుగా చదవడం పైన నిలిచాయి. పేజీలో 20 పంక్తులకు 17 పసుపు రంగులో మెరుస్తుంటే, అక్కడ ముఖ్యమైనది ఏదో ఆ పసుపు చెప్పదు.

సోమవారం సాయంత్రం: ఖాళీ కాగితం

భోజనం చేసి, గంటసేపు పడుకుని లేచాక నాలుగింటికి మొదలుపెట్టొచ్చు. మొదటి రెండు గంటలు ఒక్క పాఠం కూడా చదవకూడదు. కావలసినవి ఎనిమిది తెల్ల కాగితాలు, నీలం పెన్ను, ఎర్ర పెన్ను, గడియారం.

కాగితం పైన పాఠం పేరు. పుస్తకం మూసి 10 నిమిషాలు. ఆ పాఠంలో గుర్తున్నదంతా ముక్కలు ముక్కలుగా నీలం పెన్నుతో రాయాలి: ఉపశీర్షికలు, నిర్వచనాలు, సూత్రాలు, ప్రమాణాలు, సమీకరణాలు, బొమ్మల చిత్తు ప్రతులు. వాక్యాలు అందంగా ఉండనక్కర్లేదు. మూడు నిమిషాలకే పెన్ను ఆగిపోతుంది, చాలామంది అక్కడే పుస్తకం తెరిచేస్తారు. తెరవకూడదు. ఆగిన తర్వాత తన్నుకుని బయటికొచ్చే నాలుగు ముక్కలే ఆ పది నిమిషాల ఫలితం. సమయం అయ్యాక పుస్తకం తెరిచి 5 నిమిషాల్లో సరిచూసుకోవాలి. వదిలేసినది, తప్పు రాసినది ఎర్ర పెన్నుతో చేర్చాలి. అంతే, తర్వాతి పాఠం. ఎనిమిదికీ కలిపి సరిగ్గా 2 గంటలు.

సాయంత్రం ఆరింటికి మంచం మీద ఎనిమిది కాగితాలు పరిస్తే ఏ పాఠం ఎలా ఉందో ఇట్టే తెలుస్తుంది. నీలం నిండినవి ఒక కుప్ప, నీలం ఎరుపు సగం సగం ఉన్నవి రెండో కుప్ప, ఎరుపే ఎరుపు ఉన్నవి మూడో కుప్ప. గంటకు ఎక్కువ మార్కులు రాలేది రెండో కుప్ప నుంచే. మొదటిదాంట్లో కొత్తగా వచ్చేది తక్కువ, మూడోదాంట్లో వచ్చేది నిలవదు. తమాషా ఏమిటంటే, చాలామంది చేయి ముందు మొదటి కుప్ప మీదకే పోతుంది. వచ్చిన పాఠం చదువుతుంటే హాయిగా ఉంటుంది కదా.

మూడో కుప్పను పూర్తిగా వదిలేయమని కాదు. ఈ పేపరు అమరిక చూడండి: 1 మార్కు ప్రశ్నలు 8, 2 మార్కులవి 3, 4 మార్కులవి 3, 8 మార్కులవి 3. మొత్తం 17 ప్రశ్నలు, 50 మార్కులు, 2 గంటలు. 1, 2 మార్కుల ప్రశ్నలే 14 మార్కులు. రాని పాఠం నుంచి నిర్వచనాలు, ప్రమాణాలు, ఒక బొమ్మ, ఒక సూత్రం మాత్రం ఏరుకుని 40 నిమిషాల్లో బయటపడాలి. 8 మార్కుల వ్యాసాన్ని ఆ పాఠం నుంచి ఆశించొద్దు. ఆ విభాగంలో ప్రతి ప్రశ్నకూ ‘లేదా’ ఉంటుంది.

పాస్ భయం ఉన్నవాళ్ల లెక్క వేరు, 45 దాటాలనుకునేవాళ్ల లెక్క వేరు. మొదటివాళ్లు చిన్న ప్రశ్నలు, మూడు నాలుగు బొమ్మలు, తేలికైన ప్రయోగాల మీద కూర్చోవాలి. రెండోవాళ్లు ప్రీఫైనల్ జవాబు పత్రాలు బయటికి తీయాలి. టీచరు ఎర్ర సిరాతో కొట్టేసిన చోట్లే వాళ్ల అసలైన ‘ఇంపార్టెంట్లు’. ఏ గైడూ ఆ జాబితా అచ్చు వేయలేదు.

కవలల దగ్గరే దెబ్బ

భౌతిక శాస్త్రంలో మార్కులు పోయేది తెలియని చోట కన్నా, ఒకేలా కనిపించే రెండు విషయాలు తారుమారయ్యే చోట. రాత్రి వరసగా చదివితే ఈ తారుమారు ఇంకా పెరుగుతుంది. ఒకదాని వెనక ఒకటి వచ్చిన పోలికైన విషయాలు ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి.

కాంతి పాఠం తీసుకుందాం. దర్పణ సూత్రంలో ప్రతిబింబ దూరం విలోమాన్నీ వస్తు దూరం విలోమాన్నీ కూడితే నాభ్యంతరం విలోమం వస్తుంది. కటక సూత్రంలో కూడిక బదులు తీసివేత. ఆవర్ధనం దగ్గర ఇది తిరగబడుతుంది: దర్పణానికి ముందు మైనస్ గుర్తు పెట్టాలి, కటకానికి అక్కర్లేదు. రెండు సూత్రాలూ విడివిడిగా పదిసార్లు చదివినవాళ్లు కూడా పరీక్షలో ఒకదాని స్థానంలో ఇంకొకటి వేస్తారు.

కుంభాకార కటకం నాభ్యంతరం 12 సెంటీమీటర్లు, వస్తువు 18 సెంటీమీటర్ల దూరంలో ఉంది, ప్రతిబింబం ఎక్కడ? వస్తు దూరం గుర్తు మైనస్. కటక సూత్రం వేస్తే 1/12 లోంచి 1/18 పోగా 1/36, అంటే ప్రతిబింబం 36 సెంటీమీటర్ల దగ్గర. ఆవర్ధనం మైనస్ 2: తలకిందులుగా, రెండింతలుగా. అదే లెక్కకు దర్పణ సూత్రం వేస్తే 1/12, 1/18 కలిసిపోయి 5/36 అవుతుంది, జవాబు 7.2 సెంటీమీటర్లు. అంకెలు నున్నగానే ఉన్నాయి, విద్యార్థికి అనుమానం రాదు. కానీ కిరణచిత్రం తెలిసినవాడికి వస్తుంది. వస్తువు నాభికీ దానికి రెట్టింపు దూరానికీ మధ్య, అంటే 12కీ 24కీ మధ్య ఉంది. అలాంటప్పుడు ప్రతిబింబం అవతలి వైపు 24 దాటి పడాలి. 36 అయితే ఆ 24 దాటింది. 7.2 దాటలేదు. కొట్టేసి మళ్లీ చేయాలి.

చివరి రోజు సూత్రంతోపాటు ఇలాంటి సరిచూసుకునే మాట ఒకటి పక్కన రాసుకుంటే ఆ 5 సెకన్ల తనిఖీ ఒక్కోసారి 4 మార్కులు కాపాడుతుంది. నిరోధాల సమాంతర సంధానంలో విలోమాలు కూడి, చివర తిరగేయడం మర్చిపోయి, 2 ఓములు రావలసిన చోట సగం ఓము రాసేస్తారు. దాని పక్కన రాసుకోవలసిన మాట: ‘చివర తిరగేశానా?’

కవలలను పక్కపక్కన పెట్టి ఒకే కాగితం మీద రాసుకోవాలి. ఎడమ గడి దర్పణం, కుడి గడి కటకం. శ్రేణి ఒక పక్క, సమాంతరం ఇంకో పక్క. స్ఫటిక జలం దగ్గర నాలుగు పేర్లు ఒకే వరసలో: ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌కు అర నీటి అణువు, జిప్సంకు రెండు, మైలతుత్తానికి ఐదు, బట్టల సోడాకు పది. ఫ్లెమింగ్ ఎడమచేతి నిబంధనలో బొటనవేలు బలానికి, చూపుడువేలు అయస్కాంత క్షేత్రానికి, మధ్యవేలు విద్యుత్ ప్రవాహానికి. కుడిచేతి బొటనవేలి నిబంధనలో మాత్రం బొటనవేలు ప్రవాహానికి, ముడిచిన వేళ్లు క్షేత్రానికి. ఇది కాగితం మీదకన్నా చేతుల మీద సాధన చేస్తే మంచిది. హాల్లో చేతులు వెంటే ఉంటాయి కాబట్టి.

లెక్కలు అభ్యాసం చేసేటప్పుడూ ఇదే సూత్రం. దర్పణం లెక్కలు పది, తర్వాత కటకం లెక్కలు పది చేస్తే చేస్తున్నంతసేపూ అన్నీ వస్తాయి, ఎందుకంటే ఏ సూత్రం వేయాలో ముందే తెలుసు. పరీక్షలో ఆ ఎంపికే అసలు పని. రోరర్, టేలర్ 2007లో ఘనపరిమాణం లెక్కలతో దీన్ని కొలిచారు. ఒక రకం తర్వాత ఒక రకం చేసినవాళ్లకు అభ్యాసంలో 89 శాతం ఒప్పు, కలగాపులగంగా చేసినవాళ్లకు 60 మాత్రమే. వారం తర్వాత పరీక్షలో మొదటివాళ్లకు 20, రెండోవాళ్లకు 63. చిట్టీల మీద లెక్కలు రాసి గిన్నెలో కలిపి ఒక్కోటి తీయండి. మొదటి అరగంట చికాకు తప్పదు. లెక్క పూర్తిగా చేయాల్సిన పని కూడా లేదు: ఏ సూత్రం, ఏ గుర్తు, ఇచ్చినవేవి అని మూడు ముక్కలు రాసి తర్వాతి చిట్టీకి పోవచ్చు. అలా గంటలో 25 లెక్కలు చూడగలరు.

మంగళవారం

ఉదయం 5:30కి లేచినవాళ్లకు మధ్యాహ్నం భోజనం లోపు ఐదున్నర గంటల చదువు దొరుకుతుంది. రెండో కుప్పకు అదే సమయం. ఎర్ర సిరాతో ఉన్నదే చదవాలి, పాఠమంతా కాదు. ఒక పాఠం ఎరుపు చూశాక ఇంకో పాఠానికి వెళ్లి, ముప్పావు గంట తర్వాత తిరిగొచ్చి, మొదటిదాన్ని మూసి రాసి చూడాలి. ఇప్పుడూ రానిది ఉంటే దాని పక్కన చుక్క. భౌతికం, రసాయనం ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ పోతే బుర్ర బరువెక్కదు.

ఇంట్లో పెద్దవాళ్లు సాయం చేయొచ్చు. సబ్జెక్టు తెలియనక్కర్లేదు. పిల్లవాడు రాసిన కాగితం ఒక చేత్తో, పుస్తకం ఇంకో చేత్తో పట్టుకుని మాటలు కలుస్తున్నాయో లేదో చూస్తే చాలు. ‘చదివావా?’ అని అడక్కండి, దానికి ‘చదివాను’ అన్న జవాబు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. ‘ఈ బొమ్మ గీసి చూపించు’ అనండి.

మధ్యాహ్నం మూడింటికి ఒక మోడల్ పేపరు. బల్ల ముందు, గడియారం పెట్టుకుని, కచ్చితంగా 2 గంటలు; దిద్దుకోవడానికి అరగంట. ఇది రాత్రికి వాయిదా వేయొద్దు. రాత్రి తొమ్మిదికి బయటపడిన తప్పును సరిదిద్దే వ్యవధి ఉండదు, భయం మాత్రం మిగులుతుంది. 120 నిమిషాలు, 50 మార్కులు అంటే మార్కుకు 2.4 నిమిషాలు. 8 మార్కుల ప్రశ్నకు గరిష్ఠం 19 నిమిషాలు, 4 మార్కులకు తొమ్మిదిన్నర. మోడల్ పేపరు రాసేటప్పుడు ప్రతి పెద్ద ప్రశ్న పక్కన మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం వేయండి. వచ్చిన వ్యాసానికి 28 నిమిషాలు పోయడం, చివరి 4 మార్కుల ప్రశ్న ముట్టుకోలేకపోవడం అక్కడ అంకెల్లో కనబడుతుంది. బాగా వచ్చినవాళ్లకే ఈ జబ్బు ఎక్కువ. తెలిసిందంతా రాయాలనిపిస్తుంది.

సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా చుక్కలు పెట్టినవి మాత్రమే. వాటిని ఒకే ఒక్క కాగితానికి, రెండు వైపులా, దించుకోవాలి. బుధవారం ఉదయం చేతిలో ఉండేది ఆ ఒక్క కాగితమే. ఆ తర్వాత పుస్తకాలు సర్ది, హాల్ టికెట్, పెన్నులు, పెన్సిలు, స్కేలు సంచిలో పెట్టి పడుకోవడమే.

నాలుగింటికి లేస్తే ఒంటబడుతుందా?

తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివితే ఒంటబడుతుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. ఆ వేళ ఇల్లు సద్దుమణిగి ఉంటుంది, ఫోన్లు మోగవు, అది నిజమే. రాత్రి తొమ్మిదింటికి పడుకుని నాలుగింటికి లేస్తే ఏడు గంటల నిద్ర, ఇబ్బంది లేదు. పన్నెండున్నర దాకా చదివి నాలుగింటికి లేస్తేనే ముప్పు. మనవాళ్లు రెండో సగం మర్చిపోయి మొదటి సగం పట్టుకున్నారు.

నిద్రలో చదువు ఆగిపోతుందనుకుంటాం. 1924లో జెన్కిన్స్, డాలెన్‌బాక్ ఇద్దరు విద్యార్థులకు అర్థం లేని అక్షరాలు నేర్పి, కొన్నిసార్లు నిద్రపోయాక, కొన్నిసార్లు అంతే సమయం మేలుకుని ఉన్నాక అడిగి చూశారు. నిద్రపోయినప్పుడు మరుపు తక్కువ. చిన్న ప్రయోగమే, కానీ తర్వాత వచ్చిన పరిశోధనలు నిద్రలో జ్ఞాపకాలు గట్టిపడతాయన్న దారిలోనే సాగాయి. 2013లో లాస్ ఏంజిలిస్ హైస్కూలు విద్యార్థుల రోజువారీ నమోదులు పరిశీలిస్తే, నిద్ర తగ్గించుకుని మామూలుకన్నా ఎక్కువ చదివిన రోజు మర్నాడు పాఠం అర్థం కాకపోవడం, పరీక్ష సరిగా రాయలేకపోవడం ఎక్కువగా కనిపించాయి.

మన పేపరులో దీని ఖరీదు చాలా మామూలుగా ఉంటుంది. మైనస్ గుర్తు కంటికి ఆనదు. ‘కానిది ఏది?’ అన్న బిట్టును ‘అయినది ఏది?’ అని చదువుతారు. మిల్లీ ఆంపియర్లను ఆంపియర్లలోకి మార్చడం మర్చిపోతారు. విషయం రాక పోయిన మార్కులు కావివి. రాత్రి పదకొండుకు తాగిన టీ, కాఫీ ఆ ఒక్క గంట మెలకువ ఇచ్చి, పడుకున్నాక నిద్ర పట్టనివ్వవు. సాయంత్రం ఐదు తర్వాత మానేస్తే సరి.

బుధవారం ఉదయం

ఇప్పుడు నియమం తిరగబడుతుంది. పరీక్షకు వ్యవధి గంటల నుంచి నిమిషాల్లోకి వచ్చింది కాబట్టి మూసి రాసే పని మానేసి, తెరిచి చదవడమే. ఆ ఒక్క కాగితం రెండు మూడుసార్లు. కెల్విన్ విలువలు, స్ఫటిక జలం అంకెలు, ప్రమాణాలు, సాంకేతికాలు, ఇలాంటి పొడి వివరాలు ఈ వేళ ఎక్కించుకుంటే పరీక్ష దాకా నిలుస్తాయి. మోటారు ఎలా పనిచేస్తుందో ఇప్పుడు అర్థం చేసుకోవాలని కూర్చుంటే మాత్రం మొత్తం చెడుతుంది. అర్థం కావడానికి వ్యవధి కావాలి, అది లేదు. అర్థం కాలేదన్న గుబులు మాత్రం హాల్లోకి వెంట వస్తుంది.

కేంద్రం గేటు దగ్గర ఇంకో గండం. ‘ఇది చదివావా? అది గ్యారంటీగా వస్తుందంట’ అని ఒకరు మొదలుపెడతారు. ఫోన్‌లో ఎవరో పంపిన ‘లీకైన పేపరు’ ఇంకొకరు చూపిస్తారు. అది నిజమా కాదా అన్నది పక్కనపెట్టండి. 9:10కి చూసిన ప్రశ్నకు జవాబు 9:30 లోపు రాదు. దాని కోసం వెతికే 20 నిమిషాల్లో వచ్చిన నాలుగు ముక్కలు చెదిరిపోతాయి. స్నేహితులకు నాలుగడుగుల దూరంలో నిలబడటం పొగరు అనిపించుకున్నా ఫర్వాలేదు.

లోపలికెళ్లి జవాబు పత్రం చేతికొచ్చాక, రఫ్ వర్కుకు వాడుకునే చోట, తారుమారయ్యే కవలలను ముందే దించేయాలి: దర్పణం, కటకం, శ్రేణి, సమాంతరం, స్ఫటిక జలం. 2 నిమిషాల పని. తర్వాత కంగారు పుట్టినా అవి కాగితం మీద ఉంటాయి. ప్రశ్నపత్రం చదువుతూ 8 మార్కుల ‘లేదా’ల్లో ఏది రాయాలో అప్పుడే టిక్కు పెట్టుకోవాలి. సగం రాసి, కొట్టేసి, రెండోదానికి మారడం ఈ 2 గంటల పేపరులో భరించలేని ఖర్చు.

తెలంగాణలో లెక్క వేరు

అదే 2025లో తెలంగాణ పదో తరగతి పరీక్షల్లో భౌతిక శాస్త్రం మార్చి 28న, జీవశాస్త్రం 29న. మొదటిది ఉదయం 11 గంటలకు ముగిస్తే రెండోదానికి మర్నాడు 9:30 దాకా ఉన్నది ఇరవై రెండున్నర గంటలే, అందులో రాత్రి కూడా ఉంది. ఇక్కడ పైన చెప్పిన వరస నడవదు. గణితం 26న అయిపోయింది కాబట్టి ఆ మధ్యాహ్నం ఖాళీ కాగితం పని ముందు జీవశాస్త్రానికి చేయాలి, భౌతిక శాస్త్రానికి ఆ సాయంత్రం. 27 పగలు భౌతిక శాస్త్రమే. జీవశాస్త్రం కాగితాల మీద ఎరుపు రెండు రోజులు అలా ఉంటుంది, ఉండనివ్వండి. 28 మధ్యాహ్నం వాటిని మూసి మళ్లీ రాస్తే, మధ్యలో ఒక పరీక్ష గడిచినా ఏం నిలిచిందో తేలుతుంది. టైమ్‌టేబుల్ వచ్చిన రోజే రెండు పేపర్ల మధ్య గంటలు లెక్కేసి గోడ మీద అంటించుకోవాల్సింది ఇందుకే.

జీవశాస్త్రానికి కాగితాలు నిలువుగా కాకుండా అడ్డంగా పెట్టుకోవాలి, బొమ్మలకు చోటు కావాలి కదా. హృదయం, నెఫ్రాన్, నాడీకణం, జీర్ణవ్యవస్థ: ఒక్కో బొమ్మకు 4 నిమిషాలు పెట్టుకుని, ముందు బయటి గీత, తర్వాత లోపలి భాగాలు, చివర పేర్లు. చూసి గీయడం అభ్యాసం కాదు. చూడకుండా గీసి, పుస్తకం పక్కన పెట్టి, పేరు తప్పిన బాణాలకు ఎర్ర సిరా వేయండి. రంగు పెన్సిళ్లు ఆ రోజుకు పెట్టెలోనే ఉంచండి.